భుజం పట్టీ

సిద్ధరాములుకు మొదటి అనుమానం పళ్ళు తోముకునే బ్రష్షు దగ్గర మొదలైంది.

సోమవారం పొద్దున స్నానం చేసే మోరీ గట్టు మీద చూస్తే కూతురి బ్రష్షుకు పిడి సగమే ఉంది. విరిగిందనుకుందామా అంటే విరగలేదు. ఎవరో పనిగట్టుకుని కోశారు. కోసిన చోట రాయి మీద అరగదీసి నున్నగా కూడా చేశారు. ఆయన దాన్ని వెలుతురులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ఏందే ఇది? ఎవలు కోసిన్రు?”

“నేనే కోసిన నాయినా. మస్తు పెద్దగ ఉండె,” అంది సాక్షి జడ వేసుకుంటూ. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అడిగినదానికి జవాబిచ్చి, అడగనిదానికి నోరు మూసుకోవడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

పిడి పెద్దదని బ్రష్షు కోసుకునేవాళ్ళను సిద్ధరాములు తన యాభై నాలుగేళ్ళలో చూడలేదు. ముప్పై ఏళ్ళుగా కరెంటు సాంచాల మీద షోలాపూరు చద్దర్లు నేస్తున్న మనిషి ఆయన. నాలుగు సాంచాలు ఒకేసారి మోగుతున్నా, ఏ సాంచాలో పోగు తెగిందో కన్ను కంటే ముందు చెవి చెప్పేస్తుంది. అలాంటివాడికి సొంత ఇంట్లో ఏదో తెగినట్టు అనిపించింది. ఎక్కడ తెగిందో మాత్రం దొరకలేదు.

అసలు ఆ బ్యాగు వచ్చినప్పుడే అడగాల్సింది. కొరియర్ ఆఫీసులో పని చేసే పిల్ల, ఇరవై మూడేళ్ళది, పదిహేను రోజుల కింద ఎవరో వాడి అమ్మేసిన వీపు సంచి ఒకటి తెచ్చింది. నిలబెడితే నడుము దాకా వచ్చింది. శుక్రవారం నుంచి మూడు రోజులు పుణె వైపు ఆఫీసు ట్రైనింగు అని చెప్పింది. ఆఫీసు అనగానే ఆయన సరే అన్నాడు. ట్రైనింగుకు పోయేవాళ్ళు కాగితాలూ పెన్నూ పట్టుకుపోతారు గానీ, ఇంత సంచి ఎందుకన్న ఆలోచన ఆయనకు ఆలస్యంగా వచ్చింది.

ఆ రోజు నుంచి పిల్ల ఆ సంచితో ఏదో ఒక సవరణ చేస్తూనే ఉంది. వేలాడే పట్టీల కొసలు కత్తిరించి, పోగులు లేవకుండా అగ్గిపుల్లతో కాల్చింది. లోపలి అరలు రెండు పీకేసింది. స్టీలు సీసా తీసి పక్కన పడేసి, తాగేసిన కూల్‌డ్రింకు సీసా పెట్టుకుంది. కారప్పొడి డబ్బాలోంచి తీసి ప్లాస్టిక్ కవరులో మూట కట్టింది. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించుకుని మురిసిపోయే షోలాపూరు నీలం నగర్ తెలుగు ఇళ్ళలో ఎవరైనా స్టీలు వదిలి ప్లాస్టిక్ పట్టుకుపోతారా?

అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది చద్దరు సంగతి. ఊరు కాని ఊరు పోతోంది, చలి పెడుతుందని నెమళ్ళ డిజైను చద్దరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. తాను నేసిందే. సాక్షి దాన్ని రెండు చేతుల మీద పెట్టుకుని ఎత్తి చూసి, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టేసింది.

“రెండు కిలోలున్నది నాయినా. గింత బరువు నాకొద్దు.”

షోలాపూరు చద్దరును బరువని వద్దన్న మనిషిని కూడా ఆయన ఇదే మొదటిసారి చూడటం. కొనేవాళ్ళంతా చేతిలో పట్టుకుని బరువు చూసే కదా కొంటారు! నేసిన వాళ్ళ ఇంట్లోనే ఆ మర్యాద లేకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి?

సోమవారం సాయంత్రం ఆయన మామూలు కంటే గంట ముందు ఇల్లు చేరాడు. భార్య సుశీల చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయింది. కంపెనీ వాళ్ళు తంబాకు తక్కువ తూచి ఇస్తున్నారని అనుమానం వచ్చి, ఆమె ఇంట్లో చిన్న తూకం మిషను ఒకటి పెట్టుకుంది. అంకెలు ఎర్రగా వెలిగే మిషను. సాక్షి దాని ముందు కూర్చుని పిడికిట్లోది ఏదో పళ్ళెం మీద పెట్టి, తొంగి చూసి, చీటీ మీద రాసుకుంటోంది. తండ్రి నీడ పడగానే చీటీ మడిచి గుప్పిట్లో దాచింది.

గ్రాముల్లో తూచుకోవడానికి తంబాకు కాక ఇంట్లో ఇంకేముంది, బంగారం తప్ప? సాక్షి మోరీ దగ్గరికి వెళ్ళగానే ఆయన ట్రంకు పెట్టె మూత ఎత్తాడు. సుశీల కమ్మలు ఉన్నాయి, గుండ్లు ఉన్నాయి. రెండోసారి చూశాడు, అప్పుడూ ఉన్నాయి. మనసు కుదుటపడాలి కదా, పడలేదు. ఇంకా తీయలేదు, అంతే కదా అనుకున్నాడు.

మరునాడు కార్ఖానాలో కండెలు మార్చుకుంటూ పక్క సాంచాల ఎల్లయ్యతో అన్నాడు, ఎవరి ఇంటి సంగతో అన్నట్టుగా. ఎల్లయ్య అలాంటి మాటలు ఇట్టే పట్టేస్తాడు.

“సిద్ధన్నా, మా దాజీ పేట మేనకోడలు ముచ్చట యాదికున్నదా? ఒక్క దినంల లేచిపోలేదే అది. నెల దినాలు సదిరింది. రోజుకొక బట్ట, రోజుకొక సామాను. మా అక్కకు బీరువ తెరిస్తె గాని తెల్వలే.”

“నేను అడిగింది వేరే ఇంటిదే.”

“వేరేదే లే. బ్యాగు ఎంతున్నది?” అన్నాడు ఎల్లయ్య, చేతిలోని కండెను నాడెలో బిగించి సాంచాలో పెడుతూ.

సిద్ధరాములు మధ్యాహ్నం కడుపు నొప్పి అని చెప్పి బయటపడ్డాడు. ఇంట్లో ఎవరూ లేరు. సుశీల బీడీ ఆకు తెచ్చుకోవడానికి పోయింది, సాక్షి ఆఫీసులో ఉంది. మంచం కింద నుంచి బ్యాగు లాగి, తలుపు గొళ్ళెం పెట్టి, నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

మడతలు చెదరకుండా ఒక్కొక్కటే తీశాడు. రెండు జతల బట్టలు. టార్చిలైటు. సన్నని నైలాను తాడు. ఒక గిన్నె. రెండు చెంచాలు. ఉప్పు, కారం, చాయ్ పత్తీ, బియ్యం, పప్పు, అన్నీ చిన్న చిన్న పొట్లాలు. అడుగున ఆధార్ కార్డు, దానికి చుట్టిన చీటీ. మరాఠీలో వరసగా రాసింది, ఎదురుగా గ్రాములు. గిన్నె నూట యాభై. తాడు ఎనభై. ఆఖరి వరసలో స్టవ్వు, దాని ఎదురుగా గ్రాములు లేవు, “శుభమ్ తెస్తాడు” అని ఉంది.

గిన్నె, చెంచాలు, ఉప్పూ కారం. స్టవ్వు శుభమ్ తెస్తాడు. ఇక చెప్పడానికి ఏముంది? కొత్త కాపురానికి కావలసినవన్నీ వరసగా ఉన్నాయి. సిద్ధరాములుకు చెవుల్లో సాంచా మోగింది. ఆ శుభమ్ ఎవడో, ఎక్కడివాడో, తన బిడ్డను ఒక్క గిన్నెలో వండి పెట్టమనేంత తొందర వాడికేమొచ్చిందో! కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది.

అడిగితే అబద్ధం చెబుతుంది. బ్యాగు దాచేస్తే ఇంకోటి కొంటుంది. ఇంట్లో కూర్చోబెడితే గోల అవుతుంది, గల్లీ అంతా పోగవుతుంది. ఆయన బ్యాగును తిరగేసి చూశాడు. భుజం పట్టీ వీపుకు కలిసే చోట కుట్టు రెండు వరసలు ఉంది. బరువంతా ఆగేది అక్కడే. బట్ట ఎక్కడ తెగుతుందో నేతగాడికి ఒకరు చెప్పనక్కరలేదు. లోపలి వరస తీసేస్తే బయటికి కనిపించదు, చేత్తో లాగితే ఊడదు, బరువుతో రెండు మైళ్ళు నడిస్తే తప్పక ఊడుతుంది. బస్‌స్టాండులో సామానంతా నేల మీద పడుతుంది. అవన్నీ ఏరుకునే సరికి బస్సు వెళ్ళిపోతుంది. పిల్ల ఇంటికి వస్తుంది.

సుశీల ఆకు కత్తిరించే కత్తెర గోడకు వేలాడుతోంది. ఆయన దాని మొనతో లోపలి వరస కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. రెండు పట్టీలకూ తెంపాడు. తెగిన దారం ముక్కలు ఏరి జేబులో వేసుకున్నాడు. అంత శ్రద్ధగా చేశాడు. సామాను తీసిన వరసలోనే తిరిగి సర్దాడు.

*

బుధవారం పొద్దున చూస్తే బ్యాగు మంచం కింద లేదు. బీరువా మీదికి, చేయి అందని చోటికి చేరింది. చూశావా, దాస్తోంది అనుకున్నాడు. ఆయన అనుమానానికి ఇంకో బలం వచ్చింది.

ఆ సాయంత్రం సుశీల చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

“నీ బిడ్డ బ్యాగుల గిన్నెలు, చెంచాలు పెట్టుకున్నది. ఎరికేనా నీకు?”

సుశీల వేళ్ళు ఆగలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి పక్కన పెట్టింది. అప్పుడు తలెత్తింది.

“బ్యాగు తీసి సూసినవా?”

“తండ్రిని. సూడొద్దా?”

“పోయిన సాలు నీ కొడుకు అభిజిత్ దోస్తులతోని గోవ పోయిండు. వాని బ్యాగు ఎవలు తీసి సూసిన్రు? వాడు ఏం తీస్కపోయిండో ఏం తెచ్చిండో ఒక్క మాటన్న అడిగినవా?”

“వాడు మొగపోరడు.”

“అవ్. అడగనీకె నీకు నోరు రాలే,” అని సుశీల ఇంకో ఆకు తీసుకుంది. “ఇప్పుడన్న అడుగు. బిడ్డ ఇంట్లనే ఉంటది గద, ఆఫీసు నుంచి రాంగనే అడుగు. నీకు చెప్పద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. నేను చెప్ప.”

అంటే దీనికీ తెలుసు. తల్లీ కూతురూ ఒక్కటయ్యారు. సిద్ధరాములు లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. సాక్షి వచ్చింది, అన్నం తిన్నారు, ఆయన ఒక్క మాట అడగలేదు. అడిగితే బ్యాగు తీశానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పట్టీ దాకా వస్తుంది.

గురువారం సాయంత్రం కార్ఖానా నుంచి వచ్చేసరికి గడప ముందు కొత్త చెప్పులు ఉన్నాయి. లోపల ఒక మరాఠీ పిల్ల, సాక్షి వయసుదే, నేల మీద పరిచిన సామాను మధ్య కూర్చుని చీటీతో సరిచూస్తోంది. బ్యాగు ఖాళీగా గోడకు ఆనించి ఉంది. ఆయన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

“కాకా, నేను పూనం,” అంది మరాఠీలో. “మీ సాక్షి భలే పని చేసింది. పద్నాలుగు కిలోల బ్యాగును తొమ్మిదిన్నరకు దించింది. నాది ఇంకా పన్నెండు దాటే ఉంది. బ్రష్షు పిడి కూడా వదలలేదట!”

సాక్షి మొహం పాలిపోయింది. పూనం చేయి పట్టుకుని ఆపబోయింది. సిద్ధరాములు గడపలోనే నిలబడ్డాడు.

“ఎందుకు దించాలి?” అని తనూ మరాఠీలో అడిగాడు.

పూనం ఇద్దరి మొహాలూ చూసింది. నాలుక కరుచుకుంది. ఇక దాచేదేముందని సాక్షే తల ఊపింది. విషయం పూనం నోట బయటికి వచ్చింది. సహ్యాద్రి కొండల్లో పాత కోటలు ఎక్కించడానికి జనాన్ని తీసుకువెళ్ళే గుంపు ఒకటి పుణెలో ఉంది. దారి చూపేవాళ్ళుగా అయిదుగురిని తీసుకుంటున్నారు. మూడు రోజులు ఎవరి బరువు వాళ్ళే మోసుకుంటూ కొండెక్కి, వండుకుని తిని, గుడారంలో ఉండి దిగాలి. అదే పరీక్ష. నెగ్గితే శని ఆదివారాలు ఆ పని చేసుకోవచ్చు. షోలాపూరు నుంచి వెళ్ళే ఆడపిల్లలు వీళ్ళిద్దరే.

“స్టవ్వు?” అన్నాడు సిద్ధరాములు.

“శుభమూ, ఆయన భార్యా తెస్తారు కాకా. గుంపంతటికీ ఒకటే.”

ఆయన గోడ పట్టుకుని కూర్చున్నాడు. కాపురం లేదు, పారిపోవడం లేదు. నవ్వు రావాలి. కానీ పూనం అప్పటికే ఖాళీ బ్యాగును తన ఒళ్ళోకి లాక్కుని భుజం పట్టీలు పట్టుకుంది.

“సామాను అంతా బరాబర్. ఇవొక్కటే చూడాలి. రెండో రోజు రాతికి ఇనుప నిచ్చెన ఉంటుంది, నిట్టనిలువు. అక్కడ బరువంతా వెనక్కి లాగుతుంది, పట్టీలే ఆపాలి. పోయినేడు ఒకతనికి సగంలో పట్టీ తెగింది. బ్యాగు ఒక పక్కకు లాగింది, మనిషీ దాంతో పాటే జారాడు. చెట్టు అడ్డం ఉండబట్టి కాలు విరగడంతో సరిపోయింది.”

ఆ పిల్ల రెండు పాదాలు బ్యాగుకు తన్నిపెట్టి పట్టీలను గట్టిగా లాగింది. ఊడిపోవాలి, ఇప్పుడే ఊడిపోవాలి అని సిద్ధరాములు కులదైవం మార్కండేయుడికి మొక్కుకున్నాడు. పట్టీలు ఊడలేదు. చేత్తో లాగితే ఊడవని ఆయనకు తెలుసు కదా, అలాగే కదా తెంపింది!

“పక్కా,” అంది పూనం తృప్తిగా.

పూనం వెళ్ళాక ఆయన రెండుసార్లు నోరు తెరిచాడు. రెండోసారి మాట బయటికి వచ్చింది.

“బిడ్డా, బ్యాగియ్యి. కుట్టు ఒక్కసారి సూస్త.”

సాక్షి ఆయన కళ్ళలోకి చూసింది. ఆ చూపును ఆయన ఎక్కువసేపు తట్టుకోలేకపోయాడు.

“అవసరం లేదు నాయినా. కాళ్జీ చెయ్యకు, రంది వద్దు,” అంది. స్టూలు ఎక్కి బ్యాగును బీరువా మీద పెట్టేసింది.

చెప్పాలి. ఇంత తేలికైన బ్యాగుకు ఆ కుట్టు నిచ్చెన దాకా ఆగినా ఆగుతుంది. చెప్పకపోతే పిల్ల నిచ్చెన మీద ఉంటుంది. చెబితే ఈ జన్మలో తండ్రి మొహం చూడదు. రెండింటిలో ఏది పెద్దదో తెలియనంత అమాయకుడు కాడు. అయినా ఈ సాయంత్రం కాదు, రేపు అనుకున్నాడు. వట్టి చేతులతో ఆ మాట ఎలా చెప్పడం అనిపించింది.

శుక్రవారం తెల్లవారగానే కార్ఖానాకు పోయాడు. ఒక సాంచా మీది డిజైను అట్టలు తీసి పక్కన పెట్టాడు. రెండు పోగుల పేక కండెలు తీసేసి ఒంటి పోగువి పెట్టాడు. పేక పలచగా పడేట్టు పళ్ళ చక్రం మార్చాడు. ఎల్లయ్య వచ్చి, సాంచా మీద పెరుగుతున్న బట్ట కిందికి చేయి పెట్టి చూశాడు. అవతలి వేళ్ళు లీలగా కనిపించాయి.

“ఏందన్నా గిది? చద్దరా, దోమతెరా? దీన్ని షోలాపూరు చద్దరంటే మన ఇజ్జత్ పోతది గదనే!”

“పోనీ,” అన్నాడు సిద్ధరాములు. ముప్పై ఏళ్ళలో ఇంత పలచని బట్ట ఆయన చేతి కింద నుంచి రాలేదు. అయినా ఇంత భయంగా ఏ బట్టనూ నేయలేదు. పోగు తెగిన ప్రతిసారీ ఆపి ముడి వేశాడు. ముడి కనబడకుండా వేళ్ళతో నలిపాడు. చెడిపోయిన పీసు కింద తన కూలిలో కోసుకొమ్మని కార్ఖానాలో పని చూసే ముకద్దముకు చెప్పి, దాన్ని మడిచి చంకలో పెట్టుకుని ఇల్లు చేరాడు.

సాక్షి బస్సు ఒంటి గంటకు. తల దువ్వుకుని, బూట్లు వేసుకుని తయారుగా ఉంది. సుశీల చాట ముందు కూర్చుని ఉంది. బ్యాగు నిండుగా, గోడ వైపు మొహం పెట్టి నిలబడి ఉంది.

“బిడ్డా, ఆ పట్టీల లోపలి కుట్టు...” అన్నాడు సిద్ధరాములు. “నేనే తెంపిన. మంగళారం. నువ్వు ఎవనితోనో పోతున్నవనుకున్న. బస్‌స్టాండుల ఊడితె వాపస్ వస్తవనుకున్న. ఆ బ్యాగు ఏస్కోకు. నీ కాళ్ళు మొక్కుత, ఏస్కోకు.”

సుశీల చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. సాక్షి బ్యాగును ఒక పక్కకు వంచి, పట్టీ మొదలు పైకి ఎత్తి చూపించింది. మైనం రాసిన లావు దారంతో కొత్త కుట్టు మూడు వరసలు ఉంది.

“చెప్పులు కుట్టే మోచీతోని కుట్టిచ్చిన. రెండు దిక్కుల.”

“నీకు... ఎప్పుడు ఎరికైంది?”

“మంగళారం పొద్దుమీకి, ఆఫీసు నుంచి రాంగనే. రోజు చేతుల పట్టి సూస్తున్న బ్యాగు నాయినా, నాకు ఎరిక కాదా? చినిగితె పోగులు లేస్తయి. ఇవి లేవలే, ఒక్క తీరుగ కోసినయి. బయట వరస ఉంచి లోపల వరసనే తెంపాలెనని అమ్మకు తెల్వది, అన్నకు తెల్వది.”

సిద్ధరాములుకు ప్రాణం లేచి వచ్చింది. పిల్ల పడదు. ముందు అదే అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఎన్ని పూటలో లెక్క తట్టింది. అన్ని పూటలూ ఈ పిల్ల తనకు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నది.

“మరి నన్ను అడగొచ్చు గద బిడ్డా?”

“నువ్వు నన్ను అడగొచ్చు గద నాయినా.”

ఆయన చంకలోని చద్దరు తీసి ముందుకు చాపాడు. “పలచగ నేసిన. ఏడు వందల గ్రాములు గుడ ఉండదు. సూడు.”

సాక్షి అందుకుంది. మడతలు విప్పి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. పై అంచు నుంచి కింది అంచు దాకా చూసింది. అంచు పొడవునా వేళ్ళ మధ్య జార్చుకుంటూ పోయింది. నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా పట్టి లాగింది. కార్ఖానాలో ముకద్దము బట్ట చూసేటప్పుడు నిలబడినట్టే సిద్ధరాములు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఎన్నో బట్టలు చూపించాడు గానీ, ఇంతసేపు ఎవరూ చూడలేదు.

“మంచిగున్నది,” అంది చివరికి. చద్దరును గుండ్రంగా చుట్టి, బ్యాగును ఇటు తిప్పింది.

జిప్పుల చెవులు రెండూ కలిపి చిన్న ఇత్తడి తాళం వేసి ఉంది.

గ్రాము గ్రాము కోసి పారేసిన పిల్ల. సిద్ధరాములు వంగి ఆ తాళాన్ని వేలితో ఎత్తి చూశాడు.

“గిది బరువు గాదా?”

“బరువే నాయినా,” అంది సాక్షి. గొంతులో కోపం లేదు.

తాళం తీసి, చద్దరు లోపల పెట్టి, మళ్ళీ వేసింది. ఒకసారి లాగి చూసుకుంది. తాళం రింగుకు రెండు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి తీసి ప్యాంటు లోపలి జేబులో వేసుకుంది. రెండోది వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. సిద్ధరాములు చేయి తనకు తెలియకుండానే కొంచెం ముందుకు వచ్చింది.

సాక్షి ఆయన పక్కనుంచి వంగి, తల్లి అరచేతిలో దాన్ని పెట్టింది. సుశీల తంబాకు చెయ్యి చీరకు తుడుచుకుని, ఆ తాళంచెవిని కొంగున ముడి వేసుకుంది.